లైటు వెలగని రోగాలు

టెక్సాసులో మన సాఫ్టువేరు వాళ్ళకి నలభై దాటాక ఒక జబ్బు మొదలవుతోంది. ముందు ఊరికి గంట దూరంలో పదెకరాలు కొంటారు. ఆస్తిపన్ను తగ్గాలంటే ఆ నేల మీద వ్యవసాయం లాంటిదేదో జరగాలి గనక గడ్డి పెంచుతారు, లేదా మేకల్ని తెస్తారు. గడ్డికి ట్రాక్టరు కావాలి, ట్రాక్టరుని అటూ ఇటూ చేర్చడానికి ట్రైలరు కావాలి, ఆ ట్రైలరుని లాగడానికి ఇంట్లో ఉన్న మినీవ్యాను పనికిరాదు. అలా కథ హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు దగ్గరికొచ్చి ఆగుతుంది.

కొత్తది కొనాలంటే గుండె ఆగుతుంది. కాస్త మంచి హంగులున్న డీజిల్ ట్రక్కు ఇప్పుడు లక్ష డాలర్ల దరిదాపుల్లో ఉంది. "పాతది చూద్దాం గురూ, డీజిల్ ఇంజిన్ కదా, మూడు లక్షల మైళ్ళు నడుస్తుందట" అని మొదలుపెడతారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తారు. ఈ మధ్య ఏడాదిలో నాలుగు ఫోన్లు వచ్చాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ టపా రాస్తున్నాను.

హెవీ డ్యూటీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఎఫ్-150, సిల్వరాడో 1500 లాంటివి మామూలు ట్రక్కులు. ఎఫ్-250, ర్యామ్ 2500, సిల్వరాడో 2500, ఆ పైవి హెవీ డ్యూటీ. బండి బరువూ, మోసే బరువూ కలిపి 8,500 పౌండ్లు దాటినవన్నమాట. వీటిని ఇప్పటికీ ముప్పావు టన్ను, ఒక టన్ను అని పిలుస్తుంటారు. ఆ లెక్క ఎప్పటిదో, ఇప్పుడవి మోసేది అంతకు చాలా ఎక్కువ. పేరు మాత్రం మిగిలిపోయింది, మన పన్నెండణాల సామెతల్లాగా.

నేను ఏ ట్రక్కు నడుపుతానో చెప్పను. ఫోర్డు, షెవీ, డాడ్జి అభిమానులు మన హీరోల అభిమాన సంఘాలకేమీ తీసిపోరు. పేరు చెబితే మిగతా రెండు సంఘాలవాళ్ళూ ఇక్కడే చదవడం ఆపేస్తారు :-)

అసలు విషయానికొస్తాను. ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చిందనుకోండి. లాగ్‌లో కనిపించే లైను తప్పుచేసిన లైను కాదని మనకి తెలుసు. ఆ విలువని నింపాల్సిన ఫంక్షన్ ఎక్కడో పైన, ఎప్పుడో ముందు, పని మానేసింది. కొత్తగా చేరిన కుర్రాడు ఎక్సెప్షన్ వచ్చిన లైను చుట్టూ ఒక నల్ చెక్ పెట్టి టికెట్టు మూసేస్తాడు. రెండు వారాలకి అదే టికెట్టు ఇంకో పేరుతో మళ్ళీ వస్తుంది. పాత ట్రక్కుల రిపేర్లు చూస్తుంటే నాకెప్పుడూ ఈ కుర్రాడే గుర్తొస్తాడు. చచ్చిపోయిన పార్టుని మారుస్తారు, దాన్ని చంపినదాన్ని అలాగే వదిలేస్తారు. చంపినదాని గురించి డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు.

దీనికి అందరికంటే పెద్ద ఉదాహరణ ఫోర్డు 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్. 2003 నుంచి 2007 దాకా సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో వచ్చింది. తయారుచేసింది నావిస్టార్. అంతకుముందున్న 7.3 లీటర్ల ఇంజిన్‌కి మంచి పేరు. దాని తర్వాత వచ్చిన దీనికి ఎంత చెడ్డపేరంటే, వారంటీ ఖర్చుల దగ్గర గొడవపడి ఫోర్డు 2007లో నావిస్టార్ మీద కోర్టుకెక్కింది. 2009లో రాజీ పడ్డారు. ఈ ఇంజిన్ ఉన్న ట్రక్కులు అందుకే చవగ్గా దొరుకుతాయి. మనవాళ్ళ కళ్ళు కూడా అందుకే వాటి మీద పడతాయి.

"హెడ్ గాస్కెట్ పోతుందటగా?" అని అడుగుతారు. పోతుంది, నిజమే. కానీ గాస్కెట్ కథలో ఆఖరి పాత్ర. మొదటి పాత్ర ఆయిల్ కూలర్. ఇంజిన్ ఆయిల్ వేడిని కూలెంట్‌కి అప్పజెప్పే చిన్న పెట్టె అది. వి ఆకారపు ఇంజిన్ మధ్య లోయలో, ఆయిల్ ఫిల్టర్ కింద దాక్కుని ఉంటుంది. కూలెంట్ వెళ్ళే దారులు అందులో చాలా సన్నం. ఇంజిన్ పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక, పాత కూలెంట్‌లోంచి పేరుకునే మడ్డి కలిసి ఏళ్ళ తరబడి ఆ దారుల్ని మూసేస్తాయి. ఆయిల్ వేడెక్కుతుంది. అది సగం కథ.

మిగతా సగం ఏమిటంటే, ఆయిల్ కూలర్ దాటిన కూలెంటే ఈజీఆర్ కూలర్‌కి వెళ్ళాలి. పొగ నిబంధనల కోసం సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపిస్తారు. ఆ పొగ నిప్పులా ఉంటుంది గనక ముందు దాన్ని చల్లబరచాలి. అది ఈజీఆర్ కూలర్ పని. పైన దారి మూసుకుపోతే దీనికి నీళ్ళందవు. లోపల కూలెంట్ మరిగిపోతుంది, గొట్టాలు చిట్లుతాయి, కూలెంట్ ఇంజిన్‌లోకి పోతుంది. వెనక తెల్లటి ఆవిరి కొడుతుంది. సిలిండర్లో ఉండకూడని చోట నీళ్ళు చేరి ఒత్తిడి పెరిగితే హెడ్డుని పట్టుకున్న బోల్టులు సాగుతాయి. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ ఉన్నవి నాలుగే బోల్టులు. 7.3కి అంతకంటే ఎక్కువ ఉండేవి. బోల్టులు సాగాక గాస్కెట్ పోకుండా ఏం చేస్తుంది?

ఇప్పుడు షెడ్డుకి తీసుకెళ్తే ఏం జరుగుతుంది? ఈజీఆర్ కూలర్ చిట్లింది, మార్చాం, బిల్లు ఇదిగో. ఆయిల్ కూలర్ జోలికి పోరు. అది తీయాలంటే ఇంకా చాలా విప్పాలి, ఆ ఖర్చు వింటే కస్టమర్ పారిపోతాడు. కొత్త ఈజీఆర్ కూలర్ కూడా అదే కరువులో బతకాలి గనక అదీ పోతుంది. ఈసారి గాస్కెట్‌ని వెంటబెట్టుకుని మరీ పోతుంది. హెడ్డు విప్పే పని అంటే చాలా షెడ్లలో క్యాబిన్ మొత్తాన్ని ఛాసిస్ మీంచి పైకెత్తేసి మొదలుపెడతారు. బిల్లు వేలల్లో.

ఇదంతా ముందే తెలుసుకునే పరీక్ష ఒకటుంది, అది మనలాంటివాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. స్టీరింగు కింద పోర్టులో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టరు, ఫోన్లో ఫోర్‌స్కాన్ లాంటి యాప్. బండిని బాగా వేడెక్కనిచ్చి హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడపండి. ఆయిల్ ఉష్ణోగ్రతా, కూలెంట్ ఉష్ణోగ్రతా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతుంటే ఆయిల్ కూలర్ మూసుకుపోతోందని అర్థం. డాష్‌బోర్డు మీద ముల్లు మాత్రం మధ్యలో హాయిగా నిలబడి ఉంటుంది. ఆయిల్ వేడి సంగతి దానికి తెలియదు.

ఈ ఇంజిన్‌ది ఇంకో రోగం చెప్పకపోతే పాపం. ఇందులో ఇంజెక్టర్లని నడిపించే కంప్యూటరు ఒకటుంది, ఫిక్‌యెమ్ అంటారు. బ్యాటరీల 12 వోల్టుల్ని అది 48 చేసి ఇంజెక్టర్లకి ఇస్తుంది. 45 కంటే దిగితే పొద్దున్నే బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది. కొత్తది కొని పెడతారు. దాన్ని చంపింది ఎవరయ్యా అంటే, ఎక్కువసార్లు, నీరసించిన బ్యాటరీలు. డీజిల్ ట్రక్కుల్లో రెండు బ్యాటరీలుంటాయి, ఒకదానికొకటి కలిపి. ఒకటి ముసలిదైతే రెండోదాన్ని కూడా కిందికి లాగుతుంది. "ఒకటే పోయింది కదా" అని ఒకటే మార్చేవాళ్ళున్నారు. బ్యాటరీలు జంటగా మార్చాలి, డైనమో సరిగ్గా ఛార్జి చేస్తోందో లేదో చూడాలి, ఎర్తు వైర్ల చివర తుప్పు గీకాలి. ఇది ఫోర్డుకే కాదు, రెండు బ్యాటరీలున్న ప్రతి ముసలి బండికీ వర్తిస్తుంది. నా అంచనాలో పాత ట్రక్కుల "కంప్యూటర్ సమస్యల్లో" సగం ఎర్తు వైరు సమస్యలే.

ఈజీఆర్ మొత్తం పీకేస్తే సరిపోతుందిగా అని సలహా ఇచ్చేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. అది క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. దాని సంగతి పక్కన పెట్టినా, మూసుకుపోయిన ఆయిల్ కూలర్ అలాగే ఉంటుంది కదా. ఇదీ నల్ చెక్కే.

డాడ్జి వైపుకి వద్దాం. కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్ 1989లో ఈ ట్రక్కుల్లోకి వచ్చింది. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో. లారీల్లో, పడవల్లో, జనరేటర్లలో పనిచేసిన వంశం. ఈ పాత 12 వాల్వుల ఇంజిన్ గురించి ఎవరూ చెడుగా మాట్లాడరు, ఒక్క పిన్ను గురించి తప్ప. ఇంజిన్ ముందు భాగంలో గేర్ల పెట్టెని సరైన చోట కూర్చోబెట్టడానికి ఫ్యాక్టరీలో ఒక చిన్న ఉక్కు పిన్ను పెట్టారు. వేలెడంత కూడా ఉండదు. బిగించాక దానికి పనేమీ లేదు. ఏళ్ళ తరబడి అదురుకి అది కొంచెం కొంచెంగా బయటికి జారి ఒకరోజు తిరుగుతున్న టైమింగ్ గేర్ల మధ్య పడుతుంది. అదృష్టముంటే కవరు పగిలి ఆయిల్ కారుతుంది. లేకపోతే ఇంజిన్ అయిపోతుంది. దీనికి "కిల్లర్ డోవెల్ పిన్" అని పేరే పెట్టుకున్నారు. మందు ఏమిటో తెలుసా? పక్కనున్న బోల్టు కింద ఒక చిన్న రేకు ముక్క పెట్టి పిన్ను బయటికి రాకుండా అడ్డుకట్ట వేయడం. ముందు కవరు విప్పాలి గనక ఒక శనివారం పోతుంది, అంతే. ఈ బండి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "పిన్ను పని చేయించారా?" అన్నది. అమ్మేవాడు "ఏం పిన్ను?" అంటే ఆ శనివారం మీదే.

1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన 24 వాల్వుల ఇంజిన్ది ఇంకో కథ, నా వాదనకి ఇది మరీ దగ్గర. ఇందులో డీజిల్‌ని ఇంజెక్టర్లకి కొట్టే పెద్ద పంపు పేరు వీపీ44. దాని లోపలి భాగాలకి వేరే ఆయిల్ లేదు, దాని గుండా పోయే డీజిలే దానికి ఆయిలూ, దాన్ని చల్లబరిచేదీ. ఆ డీజిల్‌ని ట్యాంకు నుంచి తెచ్చి అందించేది ఇంకో చిన్న కరెంటు పంపు, లిఫ్ట్ పంపు. ఈ చిన్నది నీరసిస్తే బండి ఆగదు. పెద్ద పంపు తనే ఎలాగో లాక్కుంటుంది. నెలల తరబడి అర్ధాకలితో పనిచేసి, వేడెక్కి, ఒకరోజు రోడ్డు మధ్యలో చచ్చిపోతుంది. స్కానర్ పెడితే కోడ్ వచ్చేది పెద్ద పంపు మీదే. పెద్దది మారిస్తే వెయ్యి డాలర్ల పైమాట. చిన్నదాన్ని పట్టించుకోకపోతే ఆ వెయ్యీ మళ్ళీ.

వింతేమిటంటే, పెద్ద పంపు బతుకంతా ఆధారపడింది ఆ డీజిల్ ఒత్తిడి మీద. దాన్ని చూపించే గేజి మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డాష్‌బోర్డులో లేనేలేదు. మానిటరింగ్ లేని డిపెండెన్సీ! తెలిసినవాళ్ళు బయట గేజి కొని బిగించుకుంటారు. బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు స్టీరింగు పక్కన అలాంటి గేజి కనిపిస్తే, రంగు వెలిసినా సీట్లు చిరిగినా ఆ ఓనరు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

షెవీ, జీఎంసీల డ్యూరామాక్స్‌లో మొదటి తరం, అంటే 2001 నుంచి 2004 దాకా, ఇంజెక్టర్లు పోయేవి. దాన్ని కంపెనీయే ఒప్పుకుని ఏడేళ్ళు లేక రెండు లక్షల మైళ్ళ దాకా కవరేజి పొడిగించింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. ఇంజెక్టర్లు వాల్వు కవర్ల కింద ఉండడం వల్ల పార్టుల ఖర్చుతో పాటు కూలీ కూడా బాదుతుంది. ఎప్పుడు మార్చారో రసీదు చూపించమనండి, అంతకంటే చెప్పడానికేం లేదు. ట్రాన్స్‌మిషన్ల గురించి రాయడం మొదలుపెడితే ఇది పుస్తకమవుతుంది, వదిలేస్తున్నాను.

అన్నట్టు ఫోర్డు 7.3 గురించి ఒక మంచి మాట. దాంట్లో క్యామ్‌షాఫ్ట్ సెన్సారు పోతే బండి ఉన్నపళంగా ఆగిపోయేది, 2007లో ఫోర్డు దీని మీద రీకాల్ కూడా ఇచ్చింది. ఈ బండి ఉన్నవాళ్ళు గ్లవ్‌బాక్సులో ఒక కొత్త సెన్సారు, పది నంబరు పానా పెట్టుకుని తిరుగుతారు. రోడ్డు పక్కన ఆగి, మార్చుకుని, వెళ్ళిపోతారు. ఇలాంటి రోగాలు నాకిష్టం. చచ్చిందీ అదే, చంపిందీ అదే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జేబుకి చిల్లుపెట్టేవి. మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. దాన్ని "డెత్ వాబుల్" అంటారు. ముందు చక్రాలు రెంటికీ కలిపి ఒకే ఇరుసు ఉన్న ట్రక్కుల్లో వస్తుంది. యాభై, అరవై మైళ్ళ వేగంలో వంతెన అతుకు మీదికో చిన్న గుంటలోకో చక్రం వెళ్ళగానే ముందు చక్రాలు రెండూ ఎడాపెడా ఊగడం మొదలుపెడతాయి. ఆగవు. స్టీరింగు చేతిలోంచి ఊడి వస్తుందేమో అన్నంతగా కొడుతుంది. వేగం బాగా తగ్గితే తప్ప ఊగుడు ఆగదు.

మా వీధి చివర డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇతరుల గుర్రాల్ని ఆసుపత్రికీ పోటీలకీ తీసుకెళ్ళి తీసుకురావడం ఆయన బతుకుతెరువు. ట్రక్కు ఏ కంపెనీదో చెప్పను, ఇరవై ఏళ్ళ పైబడినది. ఒకరోజు వెనక ట్రైలర్లో రెండు గుర్రాలుండగా ఫ్లైఓవర్ మీద ఇది వచ్చింది. ఆయన బ్రేకు మీద గట్టిగా తొక్కకుండా, మెల్లగా వేగం తగ్గించుకుంటూ పక్కకి తెచ్చాడు. షెడ్డులో స్టీరింగు స్టెబిలైజర్ అనే డ్యాంపరు మార్చారు. రెండు నెలలు బాగానే ఉంది. మళ్ళీ వచ్చింది. ఇంకా ఖరీదైన డ్యాంపరు వేశారు. మూడోసారి వచ్చాక ఆయన ట్రైలరు అమ్మకానికి పెట్టాడు. "నాకేమైనా ఫరవాలేదు, ఆ గుర్రాలు నావి కావు" అన్నాడాయన నాతో. ఆ ట్రైలరు పోతే ఆయనకి ఇంకో ఆదాయం లేదని వీధిలో అందరికీ తెలుసు.

డ్యాంపరు పని ఊగుడుని అణచడం. ఊగుడు పుట్టేది వేరేచోట. ట్రాక్ బార్ అని ఒక కడ్డీ ఉంటుంది, ఇరుసు పక్కలకి జరగకుండా ఛాసిస్‌కి కట్టేసి ఉంచేది. దాని చివర బుష్ అరిగితే ఇరుసుకి రెండు మూడు మిల్లీమీటర్ల స్వేచ్ఛ దొరుకుతుంది, ఆ కాస్త చాలు. బాల్ జాయింట్లు అరిగినా, టైరాడ్ చివర్లు వదులైనా, టైర్ల బ్యాలెన్సు తప్పినా ఇంతే. కొత్త డ్యాంపరు కొన్నాళ్ళు దాన్ని కప్పిపెడుతుంది. ఎక్సెప్షన్‌ని పట్టుకుని ఏమీ చేయకుండా మింగేసే క్యాచ్ బ్లాక్ చూశారు కదా, సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ మింగేసింది బయటికొచ్చేది హైవే మీద.

ఆదివారం పొద్దున ఆయన స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, నేను కింద పడుకున్నాను. ఇంజిన్ ఆన్ చేసి, బండి కదలకుండా, స్టీరింగుని కొద్దికొద్దిగా కుడీ ఎడమా ఊపమన్నాను. చక్రాలు తిరగకముందే ట్రాక్ బార్ చివర టక్ టక్ మని కదలడం కంటికి కనిపిస్తోంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. దాన్ని పట్టడానికి ఏ స్కానరూ అక్కర్లేదు, కోడూ రాదు. ట్రాక్ బార్ మార్చాం, ఒక పక్క బాల్ జాయింట్లు కూడా అరిగి ఉంటే షెడ్డులో వేయించాడు, అలైన్‌మెంట్ చేయించాడు. రెండు డ్యాంపర్లకీ ఆయన పెట్టిన డబ్బుతో ట్రాక్ బార్ వచ్చి ఇంకా మిగిలేది. ట్రైలరు మీద అంటించిన అమ్మకం కాగితం మాత్రం ఇంకో నెల దాకా తీయలేదు. కొత్త పార్టుని ఆయన నమ్మడానికి అంత టైము పట్టింది. అందులో తప్పేముంది?

కాబట్టి నడిపి చూసేటప్పుడు ఊళ్ళో చుట్టూ తిప్పి వచ్చేయకండి. హైవే ఎక్కండి, వంతెన అతుకుల మీంచి పోనివ్వండి. ముందు భాగంలో ధగధగలాడే కొత్త డ్యాంపరు, చుట్టూ పాత పార్టులు కనిపిస్తే, అది ఎందుకు మార్చారో గట్టిగా అడగండి.

ఇక తుప్పు. ఒహాయో, మిషిగన్, న్యూయార్కుల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ ఇరవై ఏళ్ళు తిరిగిన ట్రక్కు టెక్సాసుకి వచ్చి, కడిగించుకుని, కింద నల్ల రంగు పూయించుకుని అమ్మకానికి నిలబడుతుంది. పైనుంచి చూస్తే పెళ్ళికొడుకు. కింద ఉక్కు బ్రేకు గొట్టాలు చూడండి, వెనక కమాన్ కట్టలు ఛాసిస్‌కి పట్టుకున్న చోటు చూడండి, క్యాబిన్ మూలలు చూడండి. ఇంజిన్ పోతే మార్చుకోవచ్చు. ఛాసిస్ తినేసిన బండిని నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. కింద తాజా నల్లరంగు కనిపిస్తే చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది డొల్లగా మోగి పెచ్చులూడుతుంది. అమ్మేవాడు వద్దంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకొక్కటి. చూడ్డానికి వస్తున్నానని చెప్పినప్పుడు, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని కూడా చెప్పండి. వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. బ్యాటరీ, ఫిక్‌యెమ్, గ్లో ప్లగ్గులు, ఇంజెక్టర్లు, అన్నీ తమ గుట్టు విప్పేది చల్లటి ఇంజిన్ మొదటి అరనిమిషంలోనే. చెయ్యి కాలితే కాఫీ తాగి మాట్లాడి వచ్చేయండి, ఇంకో రోజు పొద్దున్నే మళ్ళీ వెళ్ళండి.